మారుమనువు కంప్యూటర్

మా ఆయన నానాజీకి ఫొటో స్టూడియో ఉంది. బెల్లం మార్కెట్ వైపు వెళ్ళే దారిలో, మేడ మీద. ముందు గదిలో స్టూడియో, వెనక రెండు గదుల్లో మా కాపురం. బోర్డు మీద ఆయన పేరు, ఆయన కెమెరా పట్టుకున్న బొమ్మ ఉంటాయి. ఆయన పెళ్ళిళ్ళు తీస్తాడు. తీసినదాన్ని పెళ్ళిలా కనబడేట్టు చేసేది నేను. గొప్పకి చెప్పడం లేదు. ఆయన వీడియో తీస్తే పెళ్ళికొడుకు తల సగం, పంతులుగారి వీపు మొత్తం వస్తుంది. ఆ వీపుల సందుల్లోంచి ఒక పిల్ల సిగ్గుపడటాన్నీ, ఒక తండ్రి కళ్ళు తుడుచుకోవడాన్నీ వెతికి పట్టుకుని, వరసలో పెట్టి, పాట అతికించి ఇస్తాను. పెళ్ళివారు వచ్చి "ఎంత బాగా తీసేవురా నానాజీ" అని ఆయన భుజం తట్టి వెళతారు. ఆయన తట్టించుకుంటాడు.

నా పేరు తలుపులమ్మ. మాది చీడికాడ దగ్గర పల్లె, చెరుకు రైతులం. నా మొదటి పెళ్ళి విశాఖలో వీడియో ఎడిటింగ్ చేసే అతనితో జరిగింది. నాకీ పని నేర్పింది అతనే. పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు కోస్తే కోసినట్టు తెలీదు" అని మెచ్చుకునేవాడు. హైవే మీద లారీ గుద్ది పోయాడు. కొన్నాళ్ళకి పెద్దలు కూర్చుని నానాజీకిచ్చి మారుమనువు చేశారు. పందిరి లేదు, బాజాలు లేవు. ఇంటి లోపల నలుగురి ముందు పుస్తె కట్టించారు. నానాజీ మొదటి భార్య తెగతెంపులు చేసుకుని వెళ్ళిపోయింది కాబట్టి ఆయనకీ అది రెండోదే. కానీ ఆయనది రెండో పెళ్ళి, నాది మారుమనువు. ఒకే గదిలో, ఒకే నిమిషంలో జరిగినదానికి మావాళ్ళ దగ్గర రెండు పేర్లున్నాయి.

మా అత్త కాసులమ్మ చెడ్డ మనిషి కాదు. నాకు జ్వరమొస్తే కాళ్ళు పడుతుంది. ఆ మనిషే, ఎవరింట పెళ్ళికి వెళ్ళినా, మంగళసూత్రాల పళ్ళెం ముత్తైదువుల చేతులు దాటి నా వైపు రాగానే చెయ్యి అడ్డం పెట్టి పక్కకి తిప్పేస్తుంది. మారుమనువుదాని చెయ్యి తగలకూడదట. ఆ పెళ్ళే తర్వాత వీడియో అయి నా దగ్గరకొస్తుంది. తాళి కట్టడం ఎంతసేపు కనబడాలో, అక్షింతలు ఎంత నెమ్మదిగా రాలాలో అప్పుడు నేనే చెప్పాలి. దానికి మాత్రం నా చెయ్యి పనికొస్తుంది.

మొన్న వేసవిలో విశాఖ నుంచి రోజలిన్ అనే ఆవిడ ఫోన్ చేసింది. పెళ్ళిళ్ళని సినిమాల్లా తీయించే సంస్థ ఆవిడది. ఉపమాక వెంకన్న గుళ్ళో జరిగిన ఒక పెళ్ళి వీడియో ఆవిడ కంట పడిందట. మా ఆయనకి ఫోన్ చేసి ఎడిటింగ్ ఎవరు చేశారని అడిగితే, ఆయన కాసేపు నీళ్ళు నమిలి, మా ఇంట్లోదే చేసిందని చెప్పి ఫోన్ నాకిచ్చాడు.

"మా పెళ్ళిళ్ళు మీకు పంపిస్తానండీ. మీ ఊళ్ళోనే కూర్చుని చెయ్యండి. ఆఖర్న ఎడిటింగ్ అని మీ పేరు వేస్తాం. ముందు ఒకటి చేసి చూపించండి" అంది రోజలిన్ గారు. "ఒక్క విషయం. మావి చాలా బరువైన వీడియోలు. మీ కంప్యూటర్ తట్టుకుంటుందా?"

తట్టుకోదు. మాది అప్పటికే ముక్కుతూ మూలుగుతూ నడుస్తోంది. "కొత్తది కొనబోతున్నామండీ" అని చెప్పేశాను. కొత్తది అన్న మాట నా నోటనే వచ్చింది, ఖర్మ.

ఆఖర్న మీ పేరు వేస్తాం. ఆ మాట విన్నాక నాకు ఆ పూటంతా అన్నం సయించలేదు, సంతోషంతో. అంతవరకూ నా పేరు ఆధార్ కార్డులో తప్ప అచ్చులో చూసుకున్నదాన్ని కాదు. మా ఆయనకీ సంతోషమే. విశాఖ ఆర్డరని వీధంతా చెప్పొచ్చాడు. మేడ కింద ఫ్లెక్సీలు వేసే సన్యాసిరావు పైకొచ్చి మరీ ఆట పట్టించాడు. అతను మా ఆయన్ని బావా అంటాడు, ఆ వరసన నన్ను చెల్లీ అంటాడు.

"తలుపులమ్మ అని పేరేత్తే అది పెళ్ళి వీడియో అనుకుంటారేటి సెల్లీ? అమ్మోరి తీర్థం వీడియో అనుకుంటారు గానీ!"

నేనూ నవ్వాను. పేరు పడబోతోందన్న ధీమా ఉన్నప్పుడు ఎవడేమన్నా నవ్వొస్తుంది.

ఆనందకుమార్ గారి కంప్యూటర్ షాపుకి ముగ్గురం వెళ్ళాం. నేను, మా ఆయన, ఏది కొన్నా వెంట ఉండాల్సిందేనని బయల్దేరిన సన్యాసిరావు. ఆనందకుమార్ గారు రెండు చూపించారు. ధర రెండింటికీ ఇంచుమించు ఒకటే కాబట్టి గొడవ డబ్బుది కాదు.

మొదటిది వర్క్‌స్టేషన్. పరవాడ వైపు ఏదో కంపెనీలో ఇంజనీర్లు డ్రాయింగులు వేసుకోవడానికి వాడి, వాళ్ళు మార్చుకుంటుంటే ఆనందకుమార్ గారు కొనుక్కొచ్చారు. నల్లటి ఇనప పెట్టె. ఒక పక్క గీత, ముందు వైపు స్టిక్కరు పీకిన జిగురు మరక. ఎత్తాలంటే ఇద్దరు కావాలి. రెండోది ఆల్-ఇన్-వన్. పెట్టె లేదు, గిట్టె లేదు, తెల్లటి తెర ఒక్కటే. కంప్యూటరంతా ఆ తెర వీపులోనే ఉంటుంది. పెళ్ళికూతురిలా కళకళలాడుతోంది.

రోజలిన్ గారు నమూనాకి పంపిన వీడియో నేను పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళాను. ముందు తెల్లదాంట్లో పెట్టాను. పెళ్ళికూతురు నాలుగడుగులు నడిచి ఆగిపోయింది, మళ్ళీ గెంతింది, మళ్ళీ ఆగింది. నల్లదాంట్లో పెట్టాను. ఆ పిల్ల గుమ్మం దగ్గర్నుంచి పీటల దాకా ఎక్కడా తొణక్కుండా నడిచింది. రంగులు మార్చాను, ముక్కలు కోశాను, ఒకదాని మీద ఒకటి వేశాను. దానికి చీమ కుట్టినట్టయినా లేదు. నాకు ఆ పెట్టెని అక్కడే కావలించుకోవాలనిపించింది.

"మీ పనికి ఇదేనమ్మా" అన్నారు ఆనందకుమార్ గారు. "ఆ తెల్లది బిల్లులు కొట్టుకునేవాళ్ళకి, పిల్లల చదువులకి బాగుంటాది. రేపు ర్యామ్ పెంచుకుందామన్నా దాంట్లో చోటు లేదు."

మా ఆయన కూడా కళ్ళారా చూశాడు. "సరే, అయితే ఈ నల్లదే కట్టీండి" అన్నాడు. అన్నాడు, నా చెవులతో విన్నాను. షాపు కుర్రాళ్ళు పెట్టె ఎత్తబోతుంటే సన్యాసిరావు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఆ గీత మీద వేలితో రుద్దాడు.

"ఏటి బావా, కంపెనీవోడు కొన్నాళ్ళు ఏలుకుని ఒగ్గీసినదా? అయితే ఇది మారుమనువు కంప్యూటరన్నమాట!"

షాపులో ఉన్న నలుగురూ గొల్లుమన్నారు. అందరికంటే ముందు నవ్వింది మా ఆయన. నవ్వాక నేను పక్కనున్నానని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. సన్యాసిరావు నాలిక్కరుచుకుని, "నిన్ను కాదు సెల్లీ, యంత్రాన్ని" అన్నాడు. ఆ సర్దుబాటుతో, అప్పటిదాకా సంగతి తెలియని ఆనందకుమార్ గారికి కూడా తెలిసిపోయింది. ఆయన తల దించుకుని తీగలు చుట్టుకోసాగారు.

నేను మా ఆయన మొహమే చూస్తున్నాను. ఏదో ఒకటి అంటాడని. 'నోరు ముయ్యరా' అన్నా చాలు. 'అయితే నాదీ అంతేగదరా' అని ఓ నవ్వు నవ్వినా చాలు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"ఆ తెల్లదే కట్టీండి" అన్నాడు.

"మావా, అది నాకు పనికిరాదు. ఇప్పుడే సూసేవు గదా" అన్నాను.

"పదిమందిలో పరువు తియ్యకు. ఇంటికెల్లి మాటాడుకుందాం."

ఇంటికి వెళ్ళి మాట్లాడుకోవడానికి ఏముంటుంది? తెల్లదాన్ని ఆటోలో ఎక్కించి, పడకుండా పట్టుకోమని నా ఒళ్ళో పెట్టాడు. దారంతా దాన్ని పట్టుకునే వచ్చాను. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఒక యంత్రానికి పెట్టిన పేరు తన ఇంట్లోకి వస్తే తన పరువు పోతుందనుకున్నాడంటే, ఆ పేరున్న నేను ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఏ లెక్కన ఉన్నట్టు?

ఇంటికొచ్చాక మా అత్త సంగతంతా విని, కొడుకుని మెచ్చుకుంది. "మంచి పని సేసేవురా. పదిమంది పెళ్ళిళ్ళు సేసే యంత్రం. ఒకరు ఏలింది మనకెందుకు? అచ్చిరాదు." అని ఎదురింటి కనకమహాలక్ష్మిని పిలిపించింది. కనకమహాలక్ష్మికి కంప్యూటరంటే టీవీకి చెల్లెలని మాత్రమే తెలుసు. కానీ మొదటి మొగుడితోనే ఉంది. అందుకని ఆవిడ చేత తెర నాలుగు మూలలా పసుపు రాయించి, కుంకం బొట్లు పెట్టించింది. రోజల్లా దాని ముందు కూర్చోవాల్సిన నేను కొబ్బరికాయ పీచు ఏరుతూ గుమ్మం దగ్గర నిలబడ్డాను.

రోజలిన్ గారి హార్డ్‌డిస్కు వచ్చింది. తగిలించాను. తెల్లది మొదట్లో హుషారుగానే ఉంది. ముక్కలు నాలుగు పేర్చేసరికి వీపు కాలిపోవడం మొదలెట్టింది. పాట ఒక దారి, బొమ్మ ఒక దారి. వీణ్ణి కొయ్యి అంటే పది నిమిషాలకి పక్కవాణ్ణి కోసేది. తడిగుడ్డ పిండి దాని వెనక కట్టాను, టేబుల్ ఫ్యాను తిప్పి పెట్టాను. అంతా కష్టపడి ముగింపు దాకా తెచ్చి సినిమాగా బయటికి తియ్యమంటే, సగంలో తెర నల్లగా అయిపోయి ఊరుకునేది. మళ్ళీ మొదట్నుంచి. వచ్చిన పెళ్ళివారు మాత్రం "ఎంత బాగున్నాదో, టీవీలాగున్నాది" అని దాని ముందు నిలబడి సెల్ఫీలు దిగేవారు.

"మార్పించు మావా" అని కాళ్ళావేళ్ళా పడ్డాను. నా పోరు పడలేక ఆనందకుమార్ గారికి ఫోన్ చేసి, నేనూ వినాలని స్పీకర్ పెట్టాడు.

"ఎలా మార్చనండీ నానాజీగారూ? పెట్టె విప్పేశారు, పసుపులు రాసేశారు. దాన్నిప్పుడు నేను సెకండ్‌హ్యాండ్ అనే అమ్ముకోవాలి" అన్నారు ఆయన. నాకు పెద్దగా నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి మా ఆయనకి కోపమొచ్చింది. "అయినా ఆ వర్క్‌స్టేషన్ ఇప్పుడు లేదండీ. మీ కింద షాపు సన్యాసిరావుగారే పట్టుకెళ్ళారు" అన్నారు ఆనందకుమార్ గారు.

కిందకి దిగి చూశాను. నిజమే. ఫ్లెక్సీ చుట్టల మధ్య నల్లగా, నిబ్బరంగా కూర్చుని ఉంది. దాంట్లో ఒక రాజకీయ నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ తయారవుతోంది.

"ఇది మారుమనువుది గదా అన్నా?" అన్నాను.

సన్యాసిరావు ఏమాత్రం నదురూ బెదురూ లేకుండా నవ్వాడు. "కొట్లో ఉండీదే గదా సెల్లీ. ఇంట్లోకేటి తెచ్చుకుంటానా? పని సేత్తే సాలు."

రోజలిన్ గారి పని అయ్యేదాకా ఆ మిషన్ మీద కూర్చోనివ్వమని అతన్ని అడగమన్నాను మా ఆయన్ని. "ఆడి కాడికెల్లి అడగడమేటి, నామోషీ. మనకి కొత్తదుండగా" అన్నాడు. నేనే అడుగుతానన్నాను. అడిగితే ఇంట్లోకి రావద్దన్నాడు. రోజలిన్ గారు ఒకసారి గడువు పెంచారు. రెండోసారి పెంచలేదు. చివరికి బొమ్మ నాణ్యం సగానికి సగం తగ్గించి, ఎలాగో బయటికి తీసి పంపించాను. ఊళ్ళో పెళ్ళిళ్ళకి చేసినంత బాగా కూడా లేదు. అది నాకు తెలుసు.

"తలుపులమ్మగారూ, చేతకాకపోతే ముందే చెప్పాల్సిందండీ. పెళ్ళివాళ్ళకి ఇప్పుడు నేనేం చెప్పుకోను?" అంది రోజలిన్ గారు. అరవలేదు, తిట్టలేదు. ఆవిడ గొంతులో ఉన్నది జాలి. నేను ఏం చెప్పను? షాపులో ఒక మాటకి మా ఆయన నవ్వాడని, అందుకని మీ సినిమా పాడైందని చెప్పనా? క్షమించండి అన్నాను. ఆవిడ పెట్టేసింది.

ఇంట్లో తీర్పు అయిపోయింది. "యంత్రం బంగారం నాంటిది. దీనికే సేతకానేదు" అని మా ఆయన వచ్చినవాళ్ళకల్లా చెప్పాడు. "సెయ్యి అచ్చిరావాల గదా" అని మా అత్త నిట్టూర్చింది. అదే చెయ్యి వండిన కూర కలుపుకుంటూ ఆ మాట అంది.

హార్డ్‌డిస్కు తిరిగి ఇచ్చెయ్యాలి. సన్యాసిరావు ఫ్లెక్సీ సరుకు కోసం విశాఖ వెళుతుంటే మా ఆయన అతని చేతికిచ్చి పంపాడు. వెళ్ళినవాడు ఊరికే వస్తాడా? తన దగ్గర పెద్ద మిషన్ ఉందని, ఎడిటింగ్ తనే చేస్తానని రోజలిన్ గారికి చెప్పి, అదే హార్డ్‌డిస్కులో ఇంకో పెళ్ళి నింపించుకుని వచ్చాడు. మిషన్ అయితే ఉంది. కొయ్యడం ఎవరికొచ్చు? మా ఆయనా అతనూ వరండాలో కూర్చుని మాట్లాడుకున్నారు. నాకు చెప్పేటప్పటికి అంతా అయిపోయింది.

"మజ్జానం పూట కిందకెల్లి కూకో. ఆడు మనకి వాటా ఇత్తాడు" అన్నాడు మా ఆయన. అడగడానికి అడ్డొచ్చిన నామోషీ పంపడానికి అడ్డు రాలేదు.

వెళ్ళనని చెప్పాల్సింది. చెప్పే ఉందును, కానీ ఆ నల్లపెట్టె మీద కూర్చోవాలని నాకు ఎంత ఆశగా ఉందో నాకే తెలుసు. వెళ్ళాను. ఫ్లెక్సీ రంగుల వాసనలో, నాయకుల మొహాల చుట్టల పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. మొదటి ముక్క కొయ్యగానే నా వేళ్ళలోకి ప్రాణం వచ్చింది. నేను ఇలా అనుకునేలోపే అది చేసేసేది. ఆ పెళ్ళిలో ఒక ముసలాయన ఉన్నాడు, అప్పగింతలప్పుడు అందరూ ఏడుస్తుంటే ఆయన ఒక్కడే తువ్వాలుతో పెళ్ళికూతురికి విసురుతూ నిలబడ్డాడు. ఆయన మీద ఆపాను సినిమాని. నాకు ఎంతో సంతోషం కలిగింది. వాళ్ళ కొట్లో, వాళ్ళ పనిలో సంతోషపడుతున్నందుకు నా మీద నాకే మంటగా ఉంది, అయినా సంతోషంగానే ఉంది.

ఆఖర్న పేర్లు వెయ్యాలి. చూడ్డానికి మా ఆయన కూడా కిందకి దిగొచ్చాడు. సన్యాసిరావు నా వెనక నిలబడి చెబుతుంటే ఎడిటింగ్ అని కొట్టాను. "సన్యాసిరావు" అన్నాడు. నేను మా ఆయన వంక చూశాను. ఆయన గోడకున్న ఫ్లెక్సీ చదువుతున్నాడు.

"కింద నా పేరు కూడా సిన్నగా ఏత్తానన్నా" అన్నాను.

"ఇద్దరి పేర్లెందుకు సెల్లీ, ఆవిడకి తిరకాసైపోద్ది" అన్నాడు సన్యాసిరావు. అతని పేరు నా చేత్తోనే కొట్టాను. అక్షరాలు మసక మంచులోంచి వచ్చినట్టు రావాలన్నాడు. అలాగే వచ్చేట్టు చేశాను.

సినిమా చూసి రోజలిన్ గారు ఫోన్ చేశారు. సన్యాసిరావు మమ్మల్ని కిందకి పిలిచి స్పీకర్ పెట్టాడు.

"సన్యాసిరావుగారూ, ఆ విసనకర్ర తాతగారి దగ్గర నేను ఏడ్చేశానండీ. అదేలెండి, తువ్వాలు తాతగారు. మీ చేతిలో పనితనం ఉందండీ. మీ ఊళ్ళోనే ఒకావిడని నమ్మి దెబ్బ తిన్నాను. ముందే మీరు దొరికితే బాగుండేది."

సన్యాసిరావు ఒక్క క్షణం నా మొహం చూశాడు. "అంతా మీ అభిమానం మేడమ్" అన్నాడు. ఇకనుంచి తన పెళ్ళిళ్ళన్నీ ఇతనికే పంపుతానంది ఆవిడ. మా ఆయన మొహం వెలిగిపోయింది.

పైకి వెళుతుంటే మెట్ల మీద నన్నాపి, పాపం, మంచిగానే మాట్లాడాడు. "ఏటలాగున్నావు? ఆవిడ మెచ్చుకున్నాది నిన్నేగదా. నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంకేటి గావాల?"

"నా పేరు గావాల."

ఆయన నా వైపు నిజంగానే అర్థం కానట్టు చూశాడు.

"ఆవిడ కాడ నీ పేరెప్పుడో సెడిపోనేదేటే? ఇప్పుడా పేరెడితే ఉన్న పనీ పోద్ది."

ఆ మాట నిజం.